గాలి పట్టీలు నేర్పని ఈత

పసిపిల్లలను తల్లిదండ్రులే నీటిలోకి దించి ఈత నేర్పేటప్పుడు చేతులకు గాలి పట్టీలు, నడుముకు రబ్బరు చక్రం, చుట్టూ తేలే బొమ్మలు ఉండి తీరాలనీ, అవి ఉంటే బిడ్డకు భయం పోయి ఈత దానంతటదే వస్తుందనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. గోదావరి పాయల నడుమ, కాలువ గట్ల వెంట ఇళ్లున్న కోనసీమలో ఈ నమ్మకం పొరపాటు మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

నీటిలో దిగిన శరీరాన్ని నీరు పైకి నెట్టే బలాన్ని ఉత్ప్లవనం అంటారు. ఊపిరితిత్తులలో గాలి ఉండటం వల్ల మనిషికి ఛాతీ తేలుతుంది, కాళ్లు దిగిపోతాయి. ముఖాన్ని నీటిలో ఉంచి, ఊపిరి బిగబట్టి, ఒంటిని బల్లపరుపుగా చాచి ఈ తేడాను సరిచేసుకోవడమే ఈతలో మొదటి పాఠం. మోచేతి పైన తొడిగే గాలి పట్టీలు సరిగ్గా ఈ పాఠానికే అడ్డుపడతాయి. అవి భుజాలను పట్టి ఎత్తడంతో బిడ్డ నీటిలో నిలువుగా వేలాడుతూ సైకిలు తొక్కినట్లు కాళ్లు ఆడిస్తాడు, ముఖం ఎన్నడూ తడవదు, ఆ భంగిమే అలవాటవుతుంది. అంతకంటే విచారకరమైనది, నీరు తనను ఎత్తిపట్టుకుంటుందన్న నమ్మకం ఆ పసి మనసులో నాటుకుపోవడం. పట్టీలు లేని రోజున కూడా బిడ్డ అదే ధీమాతో రేవు మెట్లు దిగుతాడు.

1852లో గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మధ్య డెల్టా అయిన కోనసీమకు విస్తరించిన కాలువలు ఈతకొలనులు కావు. వాటిలో ప్రవాహం ఉంది, రేవు మెట్లకు నాచు ఉంది. రాజోలు, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులకు నిటారు గట్లున్నాయి. ఇక్కడ పిల్లలు ఒంటిమీది బట్టలతో, ఎవరూ చూడని క్షణంలో జారిపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి మరణించిన సుమారు 3 లక్షల మందిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు వారే. ఏడాది నిండిన పిల్లలకు ఈత నేర్పవచ్చునని 2019లో చెప్పిన అమెరికా శిశువైద్యుల సంఘం కూడా గాలి నింపిన తేలుడు సాధనాలను రక్షణగా ఎంచవద్దనీ, పెద్దవారు చేతికందే దూరంలోనే ఉండాలనీ హెచ్చరిస్తోంది. బిడ్డకు ముందుగా రావలసింది పడిన వెంటనే వెల్లకిలా తిరగడం, ఊపిరి తీసుకోవడం, గట్టు పట్టుకోవడం. వీటిని బిడ్డ వీపు కింద ఉన్న తల్లి అరచెయ్యి నేర్పగలదు, ఎందుకంటే అది బిడ్డ తేలుతున్న కొద్దీ పట్టు సడలిస్తుంది. గాలి పట్టీకి ఆ వివేకం లేదు.

మన పెద్దలు రెండు ఎండు కొబ్బరికాయలను తాడుతో జతకట్టి, దాని ఆసరాతో ఈత నేర్పలేదా అని అడిగేవారున్నారు. నేర్పారు, అయితే కాయలను ఛాతీ కింద ఉంచినప్పుడు ఒళ్లు నిలువుగా కాక పడుకున్నట్లు నిలిచేది, పక్కనే ఈత వచ్చిన మనిషి ఉండేవాడు, కాస్త కుదిరాక కాయలు పక్కకు పోయేవి. సాధనాన్ని వదిలించడమే అక్కడ లక్ష్యం.

బొమ్మలన్నీ పనికిరానివని దీని అర్థం కాదు. తలమీద నీళ్లు పోయడానికి ఒక చెంబు, చెయ్యి చాచి అందుకోవడానికి ఒక బంతి ఉంటే ముఖం తడుపుకోవడం ఆటగా మారుతుంది. అంతకు మించినవి పోగైతే తల్లిదండ్రుల చూపు బిడ్డ మీద నుంచి వస్తువుల మీదికి మళ్లుతుంది.

సాధనం నిజంగా కావలసిన చోటు వేరే ఉంది. 2018 జులైలో పశువుల్లంక వద్ద గోదావరి పాయ అయిన గౌతమిలో పడవ బోల్తా పడి బడిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి ప్రవాహంలో కొత్తగా నేర్చిన ఈత చాలదు. ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ కావాలి. గాలి పట్టీలకు ఖర్చుపెట్టే తల్లిదండ్రులు, లంక గ్రామాల రేవులను నడిపే అధికారులు, పడవ ఎక్కే ప్రతి బడిపిల్లకూ అది అందేలా ముందు చూడాలి.