ఆఫీసు అద్దెలో కులం: లెక్క తీయాల్సింది విశ్వవిద్యాలయాలే

ఇల్లు అద్దెకు వెతుక్కునేటప్పుడు కులం అడుగుతారన్న సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. హాస్టల్ ఖాళీ చేసి గది కోసం తిరిగిన దళిత విద్యార్థుల్లో చాలామందికి అది స్వానుభవం. దాని మీద వార్తలు వచ్చాయి, పరిశోధనలు వచ్చాయి. ఆఫీసు అద్దె దగ్గర ఏం జరుగుతుందన్నది మాత్రం పెద్దగా చర్చలోకి రాలేదు. ఇల్లంటే వంట, మడి, ఆచారం కాబట్టి అక్కడ కులం ఉంటుందట. ఆఫీసంటే వ్యాపారం కాబట్టి అద్దె కట్టగలడా లేదా అన్నదే చూస్తారట. చదువుకున్నవాళ్లలోనూ ఈ నమ్మకం బలంగా ఉంది. దీన్ని పరీక్షకు పెట్టాల్సిన సమయం వచ్చింది.

హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు చిన్న ఆఫీసు కోసం తిరిగిన మొదటితరం దళిత వ్యాపారులు ఆ ఫోన్ సంభాషణ ఎలా సాగుతుందో చెబుతారు. ఎన్ని చదరపు అడుగులు, ఎంతమంది కూర్చుంటారు అనే ప్రశ్నలు ముందు వస్తాయి. తర్వాత "పూర్తి పేరేంటండి?", "ఇంటిపేరు?", "సొంతూరు ఎక్కడ?", "ఊళ్లో మీవాళ్లు ఏం చేస్తుంటారు?" ఆ పైన "ఓనర్ గారితో మాట్లాడి చెప్తానండి." రెండు రోజులకు "వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేశారండి" అని జవాబు. నెల తర్వాత కూడా టు-లెట్ బోర్డు అక్కడే వేలాడుతుంటుంది. కులం అన్న మాట ఎవరి నోటా రాలేదు. కాబట్టి వివక్ష జరిగిందని రుజువు చేసే దారీ కనిపించదు.

నగరంలో ఆఫీసు అంటే నాలుగు కుర్చీలు, ఒక టేబుల్ మాత్రమే కాదు. కంపెనీ పెట్టాలంటే రిజిస్టర్డ్ ఆఫీసు ఉండాలి. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ దాన్ని తప్పనిసరి చేసింది. జీఎస్టీ నంబరు కావాలంటే వ్యాపార స్థలం చూపించాలి. అద్దె స్థలమైతే అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు వంటి కాగితాలు పెట్టాలి. బ్యాంకులో కరెంట్ ఖాతా తెరవాలన్నా, టెండరు వేయాలన్నా చిరునామా అడుగుతారు. అంటే ఓనర్ ఒక "కాదు" అంటే పోయేది గది ఒక్కటే కాదు. ఆ గది మీద ఆధారపడ్డ కాగితాలన్నీ ఆగిపోతాయి. లాయరు ఛాంబరుకూ, చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసుకూ, కోచింగ్ సెంటరుకూ, చిన్న ప్రచురణ సంస్థకూ ఇదే పరిస్థితి.

బాబాసాహెబ్ జీవితంలో ఈ విషయానికి రెండు సాక్ష్యాలున్నాయి. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో మారుపేరుతో దిగితే, సంగతి బయటపడి కర్రలు పట్టుకొచ్చినవాళ్లు వెళ్లగొట్టారు. ఈ ఉదంతం అందరికీ తెలుసు. దాని తర్వాత జరిగినది అంతగా ప్రచారంలో లేదు. బొంబాయికి తిరిగొచ్చాక ఆయన షేర్లు, స్టాకుల మీద సలహాలిచ్చే సంస్థ పెట్టారు. సలహాదారు అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారని, సంస్థ మూతపడిందని ఆయన జీవిత చరిత్రకారుడు ధనంజయ్ కీర్ రాశారు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మనిషికి దేశ ఆర్థిక రాజధానిలో ఎదురైన అనుభవం అది. డబ్బుకు కులం లేదన్న మాట వందేళ్ల కిందటే అక్కడ తేలిపోయింది. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు దాని కార్యాలయం పరేల్‌లోని దామోదర్ హాల్‌లో నడిచింది. అది కార్మికుల పేట. కోటలోని వ్యాపార వీధులకు చాలా దూరం.

ఈనాటి హైదరాబాద్‌లో ఓనర్ ఎవరు, అద్దెకు వచ్చేవాడు ఎవరు అన్నది కూడా యాదృచ్ఛికంగా తేలింది కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పడమటి శివారు భూముల ధరలు ఆకాశాన్నంటాయి. పట్టా భూములున్న కుటుంబాలు వాటిని అమ్ముకున్నాయి, కట్టుకున్నాయి, డెవలపర్‌కు ఇచ్చి వాటా తీసుకున్నాయి. భూమిలేని పేదలకు, అందులోనూ దళితులకు దక్కినవి ఎక్కువగా అసైన్డ్ భూములు. 1977 అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం వాటిని అమ్మడానికి వీల్లేదు. పేదల చేతి నుంచి భూమి జారిపోకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదే. అయితే అదే భూమిని ప్రజాప్రయోజనం పేరుతో ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ధర పెరిగినప్పుడు పట్టాదారు భవన యజమాని అయ్యాడు. అసైనీకి పరిహారం చెక్కు వచ్చింది. ఇప్పుడు ఆ అసైనీ మనవడు బీటెక్ చదివి సొంత సంస్థ పెట్టుకోవాలనుకుంటే, అదే నేల మీద లేచిన భవనంలో గది కోసం ఓనర్ గారి జవాబు కోసం ఎదురుచూడాలి.

గాజు టవర్లలో పెద్ద కంపెనీలు నేరుగా లీజు తీసుకుంటాయి. అక్కడ బ్యాలెన్స్ షీటు, నెలల తరబడి అద్దెకు సమానమైన డిపాజిట్, మూడేళ్ల లాక్-ఇన్ వంటివి అడుగుతారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు అందుబాటులో ఉండేది సబ్‌లీజు. ఇప్పటికే అద్దెకున్న సంస్థ తనకు మిగిలిపోయిన పది సీట్లో, ఒక క్యాబినో ఇంకొకరికి ఇస్తుంది. డిపాజిట్ తక్కువ, ఫర్నిచర్, ఇంటర్నెట్ సిద్ధంగా ఉంటాయి.

చట్టం కూడా సబ్‌లీజుకు అడ్డం కాదు. 1882 ఆస్తి బదలాయింపు చట్టం 108(జె) సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అద్దెదారు తన హక్కును సబ్‌లీజుకు ఇవ్వవచ్చు. ఆచరణలో మాత్రం ఒప్పందాలు వేరేగానే రాస్తారు. "యజమాని రాతపూర్వక ముందస్తు సమ్మతి లేకుండా సబ్‌లీజు ఇవ్వరాదు" అన్న వాక్యం దాదాపు ప్రతి ఒప్పందంలో కనిపిస్తుంది. ఆ సమ్మతి ఎందుకు నిరాకరించాడో యజమాని చెప్పనక్కర్లేదు. గది ఇవ్వడానికి అద్దెదారుకు అభ్యంతరం లేకపోయినా, యజమాని మౌనంగా ఆపేయవచ్చు. పైగా ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి చిన్న ఒప్పందాలు 11 నెలలకే రాసుకుంటారు. అంటే ప్రతి 11 నెలలకూ ఆ ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. మొదట తెలియని కులం మధ్యలో తెలిస్తే రెన్యువల్ ఆగిపోతుంది. "ఆఫీసులో మాంసాహారం తినరాదు" అనే షరతు కూడా కొందరు యజమానులు పెడతారు. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులో ఏముందో తనిఖీ చేసే అధికారం అద్దె ఒప్పందంలోకి వచ్చిందంటే అది వ్యాపార షరతు కాదు, ఊరి కట్టుబాటు.

చట్టం దీన్ని చూస్తూ ఊరుకుందా? అలా అనుకోవడం పొరపాటు. రాజ్యాంగం 15(2) అధికరణ కులం కారణంగా దుకాణాల్లో, హోటళ్లలో ప్రవేశానికి అడ్డు చెప్పరాదంటుంది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణ మీద చర్చకు జవాబిస్తూ అంబేడ్కర్ "దుకాణం" అన్న మాటను సంకుచితంగా తీసుకోవద్దని స్పష్టం చేశారు. సేవలు అందించడానికి సిద్ధపడ్డ ఎవరైనా ఆ మాట కిందికి వస్తారని, షరతులు కుదిరితే సేవ పొందే హక్కు అందులో ఉందని వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రాసిన తీర్పు ఈ వివరణనే ఆధారం చేసుకుని 15(2)ను ప్రైవేటు విద్యాసంస్థల దాకా విస్తరించింది.

ఆఫీసు అద్దె "సేవ" అవుతుందా అన్న ప్రశ్నకు జవాబు పన్నుల చట్టంలోనే ఉంది. 2017 కేంద్ర జీఎస్టీ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం వ్యాపారం కోసం భవనాన్ని అద్దెకివ్వడం సేవల సరఫరా. దాని మీద 18 శాతం పన్ను వేస్తున్నారు. పన్ను వసూలు చేసేటప్పుడు సేవ అయినది, కులం కారణంగా నిరాకరించేటప్పుడు యజమాని సొంత వ్యవహారం ఎలా అవుతుంది? 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షన్, మామూలు వ్యాపారంలో ఇతరులకు ఇచ్చే సేవను అంటరానితనం కారణంగా నిరాకరించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. అదే చట్టం 4వ సెక్షన్ వృత్తి, వ్యాపారం చేసుకోవడానికి ఆటంకం కలిగించడాన్ని శిక్షార్హం చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ "ఆర్థిక బహిష్కరణ"కు నిర్వచనం ఇచ్చింది. లావాదేవీకి నిరాకరించడం, సాధారణంగా జరిగే షరతుల మీద వ్యాపారం చేయకపోవడం ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఊళ్లో కిరాణా కొట్టు సరుకులివ్వకపోతే మనం ఈ సెక్షన్ గుర్తుచేసుకుంటాం. నగరంలో ఆఫీసు ఇవ్వకపోతే గుర్తుచేసుకోం.

ఎదురువాదనలు లేకపోలేదు. సొంత ఆస్తిని ఎవరికివ్వాలో యజమాని ఇష్టం అన్నది ఒకటి. 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన నిబంధనను సమర్థించింది. కానీ అది సహకార సంఘం సభ్యత్వానికి సంబంధించిన తీర్పు. బహిరంగంగా బోర్డు పెట్టి, బ్రోకరును పెట్టి నగరమంతటినీ పిలిచిన యజమానికి అది వర్తిస్తుందని ఒప్పుకోవాల్సిన పనిలేదు. వివక్ష చూపేవాడు నష్టపోతాడు కాబట్టి మార్కెట్టే దాన్ని సరిచేస్తుందన్నది రెండో వాదన. గ్యారీ బెకర్ 1957లో పెట్టిన సిద్ధాంతానికి ఇది సంక్షిప్త రూపం. ఒక్క యజమాని మాత్రమే వివక్ష చూపితే అది నిజం కావచ్చు. ఒకే సామాజిక వర్గాలకు చెందిన యజమానులు, వాళ్లకు తెలిసిన బ్రోకర్లు వీధంతా ఉన్నప్పుడు నష్టపోయేది అద్దె వెతుక్కునేవాడే. కోవర్కింగ్ స్పేస్‌లు వచ్చాక ఈ సమస్య తీరిందన్నది మూడో వాదన. కార్డు గీకితే సీటు ఇచ్చే చోట ఇంటిపేరు అడగరన్నది నిజమే. అది కొంత మేలు. కానీ అక్కడ సీటుకు ఇంత చొప్పున కట్టాలి, జీఎస్టీ చిరునామాకు వేరే రుసుము ఉంటుంది. పదిమంది పనిచేసే సంస్థ ఎన్నాళ్లు అలా నడుస్తుంది?

ఫలితాలు ఇప్పటికే అంకెల్లో ఉన్నాయి. 2005 ఆర్థిక గణన ఆధారంగా లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, ఆశుతోష్ వార్ష్ణేయ చేసిన అధ్యయనం ప్రకారం జనాభాలో 16.4 శాతమున్న ఎస్సీల చేతిలో ఉన్న సంస్థలు 9.8 శాతం. అందులో కార్యాలయ స్థలం దొరక్క ఆగిపోయినవి ఎన్నో చెప్పే లెక్క లేదు. స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి వరకు రుణం అంది. తెలంగాణలో టీ-ప్రైడ్, దళిత బంధు వచ్చాయి. ఇవన్నీ పెట్టుబడి లేదన్న సమస్యకు జవాబులు. డబ్బు చేతిలో ఉన్నా గది ఇవ్వరన్న సమస్య వీటి పరిధిలో లేదు.

అందుకే ఈ సంపాదకీయం విశ్వవిద్యాలయాలను ఉద్దేశించి రాస్తున్నాం. ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఇళ్ల అద్దె మీద సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో ఈపీడబ్ల్యూలో వచ్చింది. ఒకే అర్హతలున్న సవర్ణ, దళిత, ముస్లిం దరఖాస్తుదారులతో ఇంటి యజమానులను సంప్రదించి, ఎవరికి ఏ జవాబు వచ్చిందో నమోదు చేశారు. అమెరికాలో గృహనిర్మాణ శాఖ 1977లోనే 40 మహానగరాల్లో జంట పరీక్షలు జరిపి నల్లజాతి వారిపై వివక్షకు రుజువులు సేకరించింది. అదే పద్ధతిని హైదరాబాద్, బెంగళూరు, ముంబయి, గురుగ్రామ్ ఆఫీసు మార్కెట్లకు అన్వయించవచ్చు. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, న్యాయశాస్త్రం విభాగాలు కలిసి చేయగల పని ఇది.

పరిశోధకులు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తెలుగు పేర్లలో కులం ఉత్తరాది పేర్లలో మాదిరిగా చివర కనిపించదు. చాలామంది దళితుల ఇంటిపేర్లు ఇతర కులాల్లోనూ ఉంటాయి. కాబట్టి పేరు ఒక్కటే మార్చితే సరిపోదు. ఊరు, చదివిన గురుకులం, సంస్థ గోడ మీద ఉండే అంబేడ్కర్ బొమ్మ, క్రైస్తవ పేరు లాంటి సంకేతాలు ఏ దశలో పనిచేస్తాయో విడివిడిగా చూడాలి. నిరాకరణనే కాదు, ఎక్కువ డిపాజిట్ అడగడం, తక్కువ గడువు ఇవ్వడం, సబ్‌లీజు సమ్మతి ఆలస్యం చేయడం కూడా నమోదు చేయాలి. అసలు అద్దెదారు ఒప్పుకుని యజమాని నిరాకరించిన సందర్భాలను వేరేగా లెక్కించాలి. దళిత మహిళలు నడిపే సంస్థల అనుభవాన్ని సగటులో కలిపేయకూడదు.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. రాయితీ ధరకు ప్రభుత్వ భూమి పొందిన ఐటీ పార్కులు, ప్రభుత్వ నిధులతో కట్టిన ఇంక్యుబేటర్లు ఎస్సీ, ఎస్టీ సంస్థలకు స్థలంలో వాటా కేటాయించాలి. సబ్‌లీజు సమ్మతి నిరాకరిస్తే నిర్ణీత గడువులో రాతపూర్వక కారణం ఇవ్వాలన్న నిబంధన తేవాలి. 2016 రెరా చట్టం ఏజెంట్ల రిజిస్ట్రేషన్‌ను అమ్మకాలు, కొనుగోళ్లకు పరిమితం చేసింది. అద్దె బ్రోకర్లను కూడా నమోదు పరిధిలోకి తేవాలి. రుణ పథకాల్లో ఆఫీసు డిపాజిట్‌కు గ్యారంటీ చేర్చాలి.

వీటిలో ఏది అడిగినా ప్రభుత్వం ముందుగా అడిగేది ఆధారాలే. నిరాకరణ నోటిమాటగా జరుగుతుంది కాబట్టి ఆ ఆధారం ఒక్కొక్క బాధితుడి చేతిలో ఉండదు. నూరు ఫోన్ కాల్స్, నూరు జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది. ఆ పని మొదలుపెట్టడానికి ఒక సెమిస్టరు, ఒక ఎథిక్స్ కమిటీ అనుమతి, ఫోన్లు పట్టుకున్న పదిమంది విద్యార్థులు చాలు. ఏ విభాగం మొదలుపెట్టినా దాని ఫలితాలను ప్రచురించడానికి ఈ పేజీలు సిద్ధంగా ఉన్నాయి.