మీరు ప్రయాణించిన మైళ్ళు ఎవరి లెక్కలో ఉన్నాయి?



ఈ నెల మేము వ్రాయబోయే సంగతి మన పల్లెలకు సంబంధము లేనిదని కొందరికి తోచవచ్చును. విమానపు మైళ్ళు, హోటలు రాయితీలు అనగానే అవి పట్టణపు పెద్దల మాటలని అనుకుంటాము. అయితే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మందిరపు గుమ్మము దగ్గర నిలుచుండి చూడండి. ఒకరి కుమార్తె కువైట్‌లో, ఒకరి అల్లుడు దుబాయిలో, ఒకరి కుమారుడు డల్లాసులో ఉన్నారు. విమానము ఎక్కినవారు లేని ఇల్లు ఉన్నది గాని, విమానము ఎక్కినవారు లేని వీధి లేదు. గనుక ఇది మన ఇంటి సంగతే.

సలహా చెప్పుటకు ముందు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది.

మా సంఘములో ఒక తల్లి ఉన్నది. ఆమె కుమార్తె గల్ఫు దేశములో ఇంటి పని చేస్తూ పదకొండు సంవత్సరములుగా ఆ కుటుంబమును పోషిస్తున్నది. రెండేండ్లకొకసారి సెలవు మీద వస్తుంది. ఒకసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి విమానములో ఇచ్చిన కాగితమొకటి మా దగ్గరకు తెచ్చి, "అయ్యగారూ, ఇందులో పేరు నింపితే ఏదో లాభముందంట, నింపమంటారా?" అని అడిగినది. మేము ఆ కాగితమును సరిగా చదువనైనా లేదు. "అవన్నీ వ్యాపారస్థుల ఎరలమ్మా, మనకెందుకు?" అని చెప్పి పంపివేశాము. ఆమె దానిని మడిచి సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయినది.

తరువాత కొన్ని ఏండ్లకు ఆమె తండ్రికి పక్షవాతము వచ్చినది. దూరాన ఉన్నవారిని పిలిపించుకొమ్మని డాక్టరుగారు చెప్పారు. రెండు రోజులలో బయలుదేరవలెనంటే టికెట్టు ధర మామూలుకంటె రెట్టింపు పలికినది. తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి నలభై వేలు తెచ్చినది. నెలకు పన్నెండు వందలు వడ్డీయే. కుమార్తె వచ్చినది, తండ్రి కన్నులు తెరచియుండగానే చూచినది. దానికి ఏ వెలా ఎక్కువ కాదు. కాని ఆ అప్పు తీరుటకు ఏడాది పైన పట్టినది.

ఆ దినములలో ఒకనాడు ఆ అమ్మాయి ట్రంకు పెట్టెలోనుండి పాత టికెట్టులన్నీ తీసి మా ముందు పెట్టినది. అన్నీ ఒకే కంపెనీ విమానములవి. ఏ ఒక్క దానిమీదను సభ్యత్వపు నంబరు లేదు. వెనుకటి ప్రయాణములను ఇప్పుడు లెక్కలో చేర్పించుకొనుటకు గడువు దాటిపోయినది. ఆ మైళ్ళన్నీ ఉండియుంటే టికెట్టంతా ఉచితముగా వచ్చేదని మేము చెప్పము. బాగా పాతవి ఎలాగైనా చెల్లకుండా పోయేవి. చివరి ప్రయాణములవి మాత్రము నిలిచేవి, అప్పు కొంతైనా తగ్గేది. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. అందువలననే మాకు మరీ బరువైనది. చదువకుండా సలహా చెప్పిన మేము ఆ తరువాత కూర్చుండి ఈ సంగతి నేర్చుకొన్నాము. నేర్చుకొన్నది మీ ముందు పెడుతున్నాము.

ఈ మైళ్ళు అనగా ఏమి? 1981 మే నెలలో అమెరికాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే కంపెనీ ఈ పద్ధతి మొదలుపెట్టినది. కొద్ది రోజులకే యునైటెడ్ కంపెనీ కూడా అందుకొన్నది. మరల మరల తమ విమానమే ఎక్కేవారికి, ప్రయాణించిన దూరమును మైళ్ళలో లెక్కకట్టి వారి పేర వ్రాసి ఉంచేవారు. తగినన్ని పోగైన తరువాత వాటితో ఒక టికెట్టు తీసుకొనవచ్చును. హైదరాబాదు నుండి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు, అనగా దాదాపు 1,600 మైళ్ళు. ఇప్పుడు చాలా కంపెనీలు దూరమును చూడవు, టికెట్టుకు ఇచ్చిన సొమ్మును చూస్తాయి. డెల్టా, యునైటెడ్ కంపెనీలు 2015లో, అమెరికన్ 2016లో అలా మారాయి. మన ఎయిర్ ఇండియా 2024లో మారినది. పేరుకు మైళ్ళు అన్నా, పాయింట్లు అన్నా సంగతి ఒక్కటే.

ఇది ఉచితము కాదని గ్రహించండి. ఆ ఖర్చు టికెట్టు ధరలోనే కలిసియున్నది. నంబరు ఉన్నవారూ లేనివారూ అదే ధర ఇస్తారు. నంబరు లేనివారు తాము డబ్బిచ్చి కొన్నదానిలో కొంత అక్కడే వదలివస్తున్నారు. మేము ఎర అని చెప్పిన మాటలో పొరపాటు అక్కడే ఉన్నది. ఎర ఎక్కడున్నదో క్రింద చెబుతాము.

మొదటి సంగతి, పేరు. సభ్యత్వమునకు రుసుము లేదు. కాని సభ్యత్వములో ఉన్న పేరు, టికెట్టు మీది పేరు, పాస్‌పోర్టు మీది పేరు ఒక్క తీరుగా ఉండవలెను. మనవారికి ఇక్కడే చిక్కు. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరముగా ఉంటుంది, మరొకచోట పూర్తిగా ఉంటుంది. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లుగా ఒక్క అక్షరము మార్చకుండా నింపండి. టికెట్టు కొనేటప్పుడే ఏజెంటుకు ఆ నంబరు ఇవ్వండి. మరచిపోతే విమానము ఎక్కే ముందు కౌంటరులో చెప్పవచ్చును. అదీ మరచిపోతే ప్రయాణము తరువాత కొన్ని నెలలలోగా టికెట్టు నంబరు, బోర్డింగు పాసు చూపించి అడగవచ్చును. గనుక మైళ్ళు లెక్కలోకి వచ్చేవరకు బోర్డింగు పాసు పారవేయకండి.

రెండవ సంగతి, గడువు. మైళ్ళు మంచమటుక మీది వడ్లవంటివి, ఊరకే ఉంచితే పురుగు పడతాయి. ఎమిరేట్స్ వారి మైళ్ళు మూడు సంవత్సరములు చెల్లుతాయి, ఆ మూడవ ఏట సభ్యుని పుట్టిన నెల ముగిసేసరికి పోతాయి. ఖతార్ వారివి మూడు సంవత్సరములు ఏ కదలికా లేకపోతే పోతాయి. అమెరికాలో డెల్టా వారు 2011 నుండి, యునైటెడ్ వారు 2019 నుండి గడువు తీసివేశారు. మీ పిల్లలు ఎక్కేది ఏ కంపెనీయో అడిగి, గడువు తేదీ ఇంటి క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకొనండి.

మైళ్ళు బ్యాంకు సొమ్ము కాదు. కంపెనీ ఉన్నంతవరకే వాటికి విలువ. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానములు నిలిచిపోయినప్పుడు దాని సభ్యుల మైళ్ళకు విలువ లేకపోయినది. 2024 నవంబరులో విస్తారా కంపెనీ ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు మాత్రము సభ్యుల పాయింట్లు కొత్త లెక్కకు మారినవి. అన్నిసార్లూ అట్టి మేలు జరుగదు. ఏండ్ల తరబడి కూడబెట్టుటకంటె అవసరము వచ్చినప్పుడు వాడుకొనుటే మేలు.

మూడవ సంగతి, విలువ కట్టుట. ఇది పలకా బలపముతో చేయగల లెక్క. ఉదాహరణకు ఒక టికెట్టు 28,000 రూపాయలు అనుకొందాము. అదే టికెట్టుకు 20,000 పాయింట్లు, వాటితోపాటు పన్నులకు 8,000 రూపాయలు అడిగారు. పాయింట్లతో తీసిన టికెట్టుకైనా పన్నులు, రుసుములు మనమే ఇవ్వవలెను. 28,000లో 8,000 తీసివేస్తే 20,000. దానిని పాయింట్లతో భాగిస్తే పాయింటుకు ఒక రూపాయి విలువ వచ్చినది. అవే 20,000 పాయింట్లకు అయిదు వేల రూపాయల పెట్టె ఇస్తామన్నారనుకొనండి. అప్పుడు పాయింటుకు పావలాయే. సామాను కొనుటకు పాయింట్లు వాడేవారు సాధారణముగా ఇలాగే నష్టపోతారు. టికెట్టు ధర బాగా పెరిగిన దినములలో, పాయింట్ల టికెట్టు పెరుగకుండా దొరికితే, ఒక్కొక్క పాయింటు విలువ ఇంకా పెరుగుతుంది. కొన్ని కంపెనీలలో అది కూడా ధరతోపాటే పెరుగుతుంది గనుక ప్రతిసారి ఈ లెక్క వేసి చూడండి. మరణమో జబ్బో వచ్చి ఆకస్మికముగా బయలుదేరవలసిన వేళ కొరకు కొన్ని మిగుల్చుకొనుట తెలివైన పని.

నాలుగవది, కుటుంబము కలిసి పోగుచేయుట. ఎమిరేట్స్ మొదలగు కొన్ని కంపెనీలలో భార్య, భర్త, పిల్లలు, తలిదండ్రులు ఒకే కుటుంబపు లెక్కలో చేరవచ్చును. విడివిడిగా ఎవరికీ చాలని మైళ్ళు కలిసినప్పుడు అక్కరకు వస్తాయి. కుమారుని మైళ్ళతో తల్లికి టికెట్టు తీయుట కూడా చాలా కంపెనీలలో కుదురుతుంది. అయితే మైళ్ళను బయటివారికి అమ్ముట నిబంధనలకు విరుద్ధము. దొరికితే సభ్యత్వమే రద్దు చేస్తారు.

ఇక హోటళ్ళ సంగతి. మన పల్లెవారు ఊరు విడిచి గదిలో దిగేది విహారము కొరకు కాదు. అమెరికాలోని పిల్లలను చూడవెళ్ళే తలిదండ్రులు వీసా కొరకు హైదరాబాదుకు రావలెను. అక్కడి అమెరికా కాన్సులేటు 2008లో మొదలై, 2023 మార్చి నుండి నానక్‌రామ్‌గూడలో ఉన్నది. సాధారణముగా ఒకనాడు వేరే కార్యాలయములో వేలిముద్రలు, తరువాత మరొకనాడు ఇంటర్వ్యూ. గనుక రాత్రి బస తప్పదు. ఇక వైద్యము కొరకు వేలూరు వెళ్ళేవారు పరీక్షలన్నీ ముగిసేవరకు దినముల తరబడి గది తీసుకొని ఉండవలసి వస్తుంది.

ఫోనులో హోటలు గదులు చూపించే కంపెనీలు హోటలువారి దగ్గర కమీషను తీసుకొంటాయి. అందుచేత అక్కడ కనబడిన ధర వ్రాసుకొని, హోటలుకే నేరుగా ఫోను చేసి, "మీరు ఎంతకు ఇస్తారు?" అని అడగండి. చాలాసార్లు తగ్గిస్తారు. తగ్గించకపోయినా ఉదయపు ఫలహారమైనా కలుపుతారు. నాలుగైదు రోజులకు మించి ఉండేవారు వారపు లెక్కన అడగవలెను. మొదట రెండు రోజులకే తీసుకొని, గది శుభ్రముగా ఉన్నదో లేదో చూచి, ఆ తరువాత బేరమాడండి. స్టేషను దగ్గర సంచి పట్టుకొని లాగే దళారితో వెళ్ళకండి. వాని కమీషను మీ అద్దెలో కలుస్తుంది.

మరి మూడు ప్రశ్నలు అడుగుట మరువకండి. గది ఇరువది నాలుగు గంటల లెక్కా, లేక మధ్యాహ్నము పన్నెండుకు ఖాళీ చేయవలెనా? తెల్లవారుజామున బస్సు దిగి గది తీసుకొన్నవారికి ఈ ఒక్క తేడా వలన ఒక రోజు అద్దె పోతుంది. రాకపోతే డబ్బు తిరిగి ఇస్తారా? బాగా చవక అని చూపించే గదులు చాలావరకు తిరిగి ఇవ్వని లెక్కలోనివే. చెప్పిన ధరలో పన్ను ఉన్నదా? దినమునకు 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. 5 శాతము. అంతకు ముందు 12 ఉండేది. బిల్లు మీద పాత లెక్క వేస్తే మర్యాదగా అడగండి.

పిల్లలు ఉద్యోగము మీద తిరుగుతూ పెద్ద హోటళ్ళలో దిగేవారైతే అక్కడ కూడా పాయింట్లు పోగవుతాయి. మారియట్ హోటళ్ళలో వరుసగా అయిదు రాత్రులు పాయింట్లతో తీసుకొంటే నాలుగు రాత్రుల పాయింట్లే పడతాయి. ఇరువది నాలుగు నెలలు ఏ కదలికా లేకపోతే ఆ పాయింట్లు పోతాయి. వాటితో తలిదండ్రులకు హైదరాబాదులో గది తీయవచ్చును. అయితే గదిలో దిగేవారి పేర్లు ముందుగా హోటలుకు తెలుపవలెను. తలిదండ్రులు ఆధార్ కార్డు వెంట తీసుకొని వెళ్ళవలెను.

ఎర ఎక్కడున్నదో చెబుతామన్నాము గదా. పాయింట్లు వస్తాయని అక్కరలేని ప్రయాణము చేయుట ఒక ఎర. మూడు వేలు ఎక్కువ ధర ఇచ్చి అయిదు వందల విలువగల పాయింట్లు తెచ్చుకొనుట రెండవ ఎర. పాయింట్ల కొరకు క్రెడిట్ కార్డు వాడి బాకీ నిలిపితే, నెలకు మూడున్నర శాతము దాకా, కొన్నింటికి ఆ పైన కూడా వడ్డీ పడుతుంది. మన ఊరి మూడు రూపాయల వడ్డీకంటె అది ఎక్కువే. ప్రతి నెల బాకీ అంతా కట్టలేనివారికి ఆ కార్డు వద్దు. నాలుగవది అన్నిటికంటె చెడ్డది. "మీ పాయింట్లు ఈ రాత్రితో పోతున్నాయి, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి" అని ఎవరైనా అడిగితే వెంటనే ఫోను పెట్టివేయండి. ఆ ఓ.టి.పి. ఎవ్వరికీ చెప్పరాదు. చెప్పి మోసపోయినవారు ఆలస్యము చేయక 1930కు ఫోను చేయవలెను.

ఇప్పుడు మా సంఘములో ఆరాధన తరువాత ఇద్దరు యౌవనస్థులు ఫోను పట్టుకొని వరండాలో కూర్చుంటున్నారు. పాస్‌పోర్టు తెచ్చినవారికి సభ్యత్వము నింపిపెడుతున్నారు. మొదట నింపినది ఆ అమ్మాయి పేరే. ఆమె మరల వెళ్ళేటప్పుడు నంబరు ఒక చిన్న చీటీ మీద వ్రాసి, పాస్‌పోర్టులో మేమే పెట్టి ఇచ్చాము. "ఈసారి చదివే ఇస్తున్నారా, అయ్యగారూ?" అని ఆమె నవ్వినది. చదివే ఇచ్చామమ్మా, అని చెప్పాము.

మీ ఇంటి ట్రంకు పెట్టె కూడా ఒకసారి తెరచి చూడండి.