రంగు మారిన కాగితం, అమ్ముడుపోని చేప

పోయినసారి తుని వెళ్ళినప్పుడు మా అమ్మ చేత బాగా తిట్లు తిన్నాను. కారణం వేలెడంత కాగితం ముక్క.

చేపకి ఫార్మలిన్ పట్టించారో లేదో చెప్పే కిట్ ఒకటుంది, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అదే సిఫ్ట్ వాళ్ళు తయారు చేశారు. కాగితంతో చేప ఒంటిని నాలుగుసార్లు తుడవాలి, దాని మీద ఒక చుక్క మందు వెయ్యాలి, కాసేపాగి వచ్చిన రంగుని వాళ్ళిచ్చిన చార్టుతో పోల్చుకోవాలి. అంతే. హైదరాబాద్‌లో ఫ్రెండు దగ్గర కనబడితే నాలుగు కాగితాలు అడుక్కుని ఊరికి పట్టుకెళ్ళాను. కొత్త వస్తువు చేతికొస్తే మనం ఊరుకోం కదా :)

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడది పెంటకోట వైపు. పొద్దున్నే పాయకరావుపేట మీదుగా తాండవ దాటి వస్తుంది. ఆవిడ గంప దించగానే నేను కాగితం తీశాను.

"ఏటి బాబూ అది?" అంది.

చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది. "పొద్దున్న వలలో పడ్డ చేప బాబూ, దీనికి మందెందుకు?" అంటూనే చెయ్యి పక్కకి తీసింది. తుడిచాను, చుక్క వేశాను. వచ్చిన రంగేమో చార్టులో మొదటి గడికీ రెండో గడికీ మధ్యలో ఉంది. నేను ఉందన్నాను, అమ్మ లేదంది. అరుగు మీద ఒక రంగు, ఎండలో ఇంకో రంగు. ఈలోగా బేరానికొచ్చిన ఎదురింటావిడా, పక్కింటావిడా మెల్లగా లోపలికెళ్ళిపోయారు. అమ్మ రెండు చేపలు ఎక్కువే కొంది కానీ, ఆవిడ తర్వాత వారం రోజులు మా వీధి మొహం చూళ్ళేదు. "పదేళ్ళ నుంచి తెస్తోందిరా, నీ కాగితం వచ్చి రెండు నిమిషాలయ్యింది" అని అమ్మ క్లాసు.

అమ్మ పద్ధతేమిటంటే మొప్ప ఎత్తి ఎరుపు చూడటం, బొటనవేలితో నొక్కి గుంట పడుతుందేమో చూడటం. కుళ్ళిన చేపని పట్టడానికి ఇది చాలు. ఫార్మలిన్ దగ్గర మాత్రం ఈ వేలు మోసపోతుంది. ఎందుకంటే అది కండని బిగిస్తుంది, లాబుల్లో జంతువుల శరీరాలు నిలవ ఉంచడానికి వాడేది దాన్నే. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే క్యాన్సర్ కారకమని తేల్చింది. కాబట్టి కాగితం వద్దని నేననను. కాగితం చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో తెలియాలంటాను.

ఇక్కడో చిక్కుంది. సముద్రపు చేప చచ్చాక దాని కండలో ఫార్మాల్డిహైడ్ కొంత తనంతట తనే పుడుతుంది. రకాన్ని బట్టి ఎక్కువా తక్కువా. అందుకే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఏ రకంలో సహజంగా ఎంతవరకు ఉండొచ్చో 2019లో పరిమితులు పెట్టింది. బయట నుంచి కలపడం మాత్రం అస్సలు కుదరదు. మన చెరువు చేపల్లో, అంటే బొచ్చె, శీలావతి లాంటి వాటిలో ఇలా పుట్టేది చాలా తక్కువ. అంటే వాటిలో గట్టిగా రంగొస్తే "సహజమేనండీ" అని తప్పించుకోవడం కష్టం. గోదావరి వాణ్ణి కదా అని మనవాళ్ళని వెనకేసుకు రావట్లేదు.

2018 గుర్తుందా? నేనప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాను. జూన్‌లో కేరళ వాళ్ళు 'ఆపరేషన్ సాగర్ రాణి' అని చెక్‌పోస్టుల్లో లారీలాపి, వేల కిలోల చేపలు, రొయ్యలు పట్టుకున్నారు. జులై 12న గోవాలో మడ్‌గావ్ హోల్‌సేల్ మార్కెట్లో కాగితం పరీక్షలో ఫార్మలిన్ ఉందని తేలింది. అదే రోజు లాబు నుంచి వచ్చిన మాట, పరిమితిలోనే ఉంది అని. అసలప్పటికి చట్టంలో పరిమితే లేదు కదా అని జనం అడిగారు. చివరికి ఎవరూ కాగితాన్నీ నమ్మలేదు, లాబునీ నమ్మలేదు. అదే నెలలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రాతో సహా బయటి రాష్ట్రాల చేపలని పది రోజులు ఆపేసింది. 2019 జనవరిలో పాట్నాలో పదిహేను రోజులు ఆంధ్రా చేప అమ్మకూడదన్నారు.

'ఆంధ్రా చేప' అట! ఆకివీడు చెరువుదా, కైకలూరుదా? ప్యాక్ చేసిందెవరు, ఐసు ఎక్కడిది, దారిలో పెట్టె విప్పిందెవరు? ఏమీ తెలీదు. మా ఆఫీసులో ఎవడైనా ఏ వెర్షన్‌లో వచ్చిందో రాయకుండా బగ్ రిపోర్టు పంపితే వెంటనే తిరక్కొడతాం. ఇక్కడ అలాంటి రిపోర్టు మీదే ఒక రాష్ట్రం సరుకంతా ఆగిపోయింది. మందు కొట్టినవాడు దొరకలేదు, కొట్టనివాడి లోడు మురిగింది.

చెరువు దగ్గర నుంచి గౌహతి వంటింటి దాకా ఎన్ని చేతులో. చివరి చేతిలో చేపని తుడిస్తే తప్పెవరిదో ఏ కాగితమూ చెప్పలేదు. తుడవాల్సింది ప్యాకింగ్ షెడ్డులో, లారీ ఎక్కేముందు. ఆ ఫలితం, తేదీ, చెరువు పేరు పెట్టె మీద అంటించాలి. అవతల మార్కెట్లో దించాక మళ్ళీ తుడవాలి. రంగొచ్చిన పెట్టెని పక్కన పెట్టి, లాబు మాట వచ్చేదాకా మిగతా లోడు అమ్ముకోనివ్వాలి. ఇదేమన్నా రాకెట్ సైన్సా? కాగితం ముక్క ఖరీదు చేప తల ఖరీదంత కూడా లేదు. అయినా ఈపాటి పని మన షెడ్డుల వాళ్ళే ముందుగా మొదలెడితే రేపు ఎవరో నిషేధం అన్నప్పుడు చూపించడానికి ఏదో ఒక కాగితం ఉంటుంది.

నేను చేసింది సరిగ్గా దీనికి తిరకాసు పని. దూరం పోయే చేపకి కదా మందు అవసరం! ఆ పూట పట్టి ఆ పూటే అమ్మే గంపని, అదీ నలుగురి ముందు, చదవడం కూడా సరిగ్గా రాని పరీక్షతో నిలబెట్టాను.

ఇంకా మూడు కాగితాలున్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు ఐసు పెట్టెల్లో చేపలు దించే కొట్టు దగ్గర ఆయనొప్పుకుంటే తుడిచి చూద్దామనుకుంటున్నాను. ఈలోగా పెంటకోట ఆవిడ మళ్ళీ వస్తోందని అమ్మ ఫోన్లో చెప్పింది. మా ఇంటి ముందు మాత్రం గంప దించట్లేదట, ఎదురింటి అరుగు మీద దించుతోందట.