ఊరొక రాష్ట్రం, అడవొక రాష్ట్రం

భద్రాచలం అనగానే మనకు గుడి, సీతారాముల కల్యాణం, తలంబ్రాలు గుర్తుకొస్తాయి. ఇప్పపువ్వు, చింతపండు తలకెత్తుకుని సంతకొచ్చే కోయ స్త్రీ మాత్రం గుర్తుకు రాదు. ఈ చిన్న పట్నానికీ చుట్టూ ఉన్న అడవి పల్లెలకూ బంధాన్ని నిలబెట్టింది ఆమె నడకే.

ఆ నడకకు అడ్డంగా పాలకులు గీతలు గీస్తూనే ఉన్నారు. తూర్పుగోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేసి, భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచారు. ఊరు దాటితే ఎటపాక, అది మరో రాష్ట్రం. నొప్పులు పడే స్త్రీకి కార్డు ఇచ్చింది ఒక ప్రభుత్వం, దగ్గరున్న ఆసుపత్రి ఇంకో ప్రభుత్వానిది. 2022 జూలైలో గోదావరి ఇక్కడ 71.3 అడుగులకు చేరినప్పుడు వరద సరిహద్దు చూసి ఆగలేదు.

ఈ కష్టం మగవాళ్లకు లేదా అని అడిగేవారున్నారు. ఉంది. కానీ మునిగే పొలానికి లెక్క కట్టేటప్పుడు పట్టా ఎవరి పేరున ఉంటే డబ్బు వారి చేతికి పోతుంది. ఆమె ఏరే తునికాకు, తవ్వే దుంపలు, కట్టెల మోపు ఏ లెక్కలోకీ రావు. అడవి పోతే ఆమె సొంత సంపాదన పోతుంది. ఇంట్లో ఆమె మాటకున్న విలువా తగ్గుతుంది. దీన్ని అభివృద్ధి అని ఎలా అనగలం?

చట్టాల్లో కొంత ఆధారం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవారికి హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. 2013 భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబాలుగా గుర్తించింది. భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. అయితే గ్రామసభలో స్త్రీలు వెనక వరసలో కూర్చుని వేలిముద్ర వేసి లేచిపోతే ఈ హక్కులు కాగితం దాటవు.

అందుకే ఇక్కడ పనిచేసే మనం ముందుగా కొన్ని పనులు చేయాలి. ప్రతి పల్లెలో హక్కు పత్రాలు తీసి రెండో పేరు ఉందో లేదో చూడాలి. ఒంటరి స్త్రీల పేర్లు పునరావాస జాబితాలో చేర్పించాలి. సరిహద్దు ఆసుపత్రుల్లో ఏ రాష్ట్రపు కార్డయినా చెల్లాలని రెండు ప్రభుత్వాలనూ నిలదీయాలి. గీతలు గీసినవాళ్లు ఆమెను అడగలేదు. కనీసం మనమైనా ఆమెను అడిగి మొదలుపెడదాం.