హైవే దిగి నాలుగడుగులు

కార్తికం వచ్చిందంటే మన మెట్ట ఊళ్లలో ఆదివారాలకు గిరాకీ పెరుగుతుంది. ఉసిరి చెట్టున్న తోట ఎవరిది, పులిహోర ఎవరు కలుపుతారు, ట్రాక్టరు ఎవరు పెడతారు అనే మాటలు వారం ముందే మొదలవుతాయి. ఒక పూట చెట్ల కింద గడపడం జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మునేరు పొంగితే ‘ఏరొచ్చిందట’ అంటూ పిల్లా పెద్దా గట్టు మీదికి చేరతారు. పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి. సంబరం ఉన్నచోటికి వెళ్లడం మనకు బాగా వచ్చు. ఏ సంబరమూ లేనిరోజున, ఒక గుట్టను గుట్టగానే చూడడానికి బయల్దేరడం మాత్రం అలవాటు తప్పింది. ఇప్పుడు వనభోజనాలు కూడా ఎవరి సంఘం వాళ్లవి వాళ్లకే అయిపోయి, మైకులూ సన్మానాలూ ముగిసేసరికి సాయంత్రమవుతోంది. చుట్టూ ఉన్న వనాన్ని చూసినవాళ్లెందరు?

హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్లే కార్లు గరికపాడు దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి, చిల్లకల్లు, నందిగామ, కీసర టోల్‌గేటు దాటుకుంటూ పోతాయి. మధ్యలో ఆగేది టీ కోసమే. రోడ్డు మీంచి చూస్తే పత్తి చేలు, మిరప చేలు, తుమ్మలు, దూరంగా బోడిగా కనిపించే గుట్టలు. చూడ్డానికేముంది ఇక్కడ అని వాళ్లు అనుకుంటే తప్పు పట్టలేం. ఇక్కడ పుట్టిన మనమూ అదే అనుకోవడం బాధగా ఉంటుంది.

జగ్గయ్యపేట పక్కనున్న ధనబోడు గుట్టనే తీసుకోండి. బేతవోలు అనే పాత ఊరికి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టి పేటను కట్టించేనాటికే ఆ గుట్ట మీద బౌద్ధస్తూపం మట్టికింద పడి ఉంది. ఇదే నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు అక్కడి దిబ్బలో శిల్పాలు బయటపడ్డాయని విని కల్నల్ మెకంజీ 1797లో చూడ్డానికి వెళ్లాడు. ధనబోడు వంతు మరో ఎనభై అయిదేళ్లకు వచ్చింది. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వించి, అమరావతితో కలిపి 1887లో పుస్తకం వేశాడు. స్తూపం అడ్డకొలత ముప్ఫై అడుగులకు కాస్త పైన. అమరావతి మహాచైత్యం ముందు చిన్నదే. కానీ ఇక్కడ దొరికిన ఒక్క పలక చాలు, శిల్పం గురించి రాసే ప్రతివాళ్లూ ఈ ఊరి పేరు ఎత్తడానికి.

ఆ పలక మీద ఒక చక్రవర్తి నిలబడి ఉంటాడు. తల మీద గొడుగు. చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం. ఆయన చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నాణేలు వాన చినుకుల్లా రాలుతుంటాయి. గుండ్రటివి కావు, ఆ కాలపు చదరపు నాణేలు. రాయిని లోతుగా చెక్కకుండా సన్నటి గీతలతో, పొడుగాటి కాళ్లు చేతులతో మనుషులను నిలబెట్టిన ఆ పనితనం చూడాలంటే ఇప్పుడు చెన్నై మ్యూజియానికి వెళ్లాలి. పల్నాటి సున్నపురాయి అది. ఈ నేల అడుగున పరుచుకున్న సున్నపురాయే ఈరోజు సిమెంటు ఫ్యాక్టరీలకూ ఆధారం.

మనసును పట్టి ఆపేది మాత్రం చక్రవర్తి బొమ్మ కాదు, స్తూపం వాకిట నిలిపిన ఆయక స్తంభాల మీది శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే దాదాపు 1700 ఏళ్ల కిందట, సిద్ధార్థుడనే శిల్పి ఈ స్తూపం తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. ఈ చోటి పేరు అందులో వెలగిరి. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. అక్షరాల తోకలు తీగల్లా కిందికీ పైకీ సాగి వంపులు తిరుగుతుంటాయి. దాత రాజు కాదు, మంత్రి కాదు, శ్రేష్ఠి కాదు. తండ్రి నాగచంద్రుడిదీ అదే వృత్తి. నాన్న చేసిన పనే తనూ చేస్తున్న మనిషి, తన సంపాదనతో ఈ పుణ్యం చేస్తూ ముందుగా తల్లి నాగిలనిని నిలుపుకొన్నాడు. తర్వాత ఇల్లాలు సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక. తోడబుట్టినవాణ్ణీ అతని ఇల్లాలినీ కూడా మర్చిపోలేదు. తిథి కూడా వేయించాడు: వర్షాకాలం ఎనిమిదో పక్షం, పదో రోజు. నాలుగు నెలల వానాకాలానికి పక్షాలు ఎనిమిదే కాబట్టి అది ఆఖరిది. మన లెక్కలో కార్తికం దరిదాపుల్లో పడుతుంది. వానలు వెనకబట్టి, గుట్ట మీద గడ్డి ఇంకా పచ్చగా ఉండే రోజులు. మనం ఉసిరి చెట్టు కోసం వెతుక్కునే రోజులే.

ఇంచుమించు ఇవే రోజుల్లో, అక్టోబరు వచ్చేసరికి, అమెరికాలో ఉంటున్న మన పిల్లలు ఆకులు రంగు మారే అడవుల దారి పడతారు. నందిగామలో అమ్మమ్మల ఫోన్లకు ఫొటోలు వస్తాయి. వాటిలో తరచూ కనిపించేది సెలయేటి మీద ఇల్లులా నిలబడ్డ చెక్క వంతెన. గోడలుంటాయి, పైకప్పు ఉంటుంది, ఒక వైపు నుంచి దూరి మరోవైపు తేలాలి. ఆ కప్పు వేసింది వానా మంచూ తగిలి అడుగు దూలాలు కుళ్లిపోకుండా ఉండడానికి. కప్పు లేనివి పది ఇరవై ఏళ్లకే పాడైతే, కప్పు వేసినవి వందేళ్లు దాటి నిలిచాయి. అందం సంగతి తర్వాతి తరాలు గుర్తించాయి. అయోవా రాష్ట్రం మేడిసన్ కౌంటీలో ఒకప్పుడు 19 ఉండేవట, ఇప్పుడు ఆరు మిగిలాయి. ఏటా అక్టోబరులో వాటి పేరున ఒక పండగే చేస్తారు. ఆ ఆరింటిలో సీడర్ వంతెనను 2002లో ఎవరో తగలబెట్టారు. అక్కడివాళ్లు మళ్లీ కట్టుకుని 2004లో తెరిచారు. 2017లో మళ్లీ తగలబడింది. 2019కల్లా మళ్లీ కట్టారు. ఆ వాగు దాటడానికి చెక్క వంతెనే కావాలని ఎవరికీ లేదు. చూడ్డానికి వచ్చేవాళ్లున్నారు, చూపించుకోవాలనే ఊరివాళ్లున్నారు. అందుకే అది నిలిచింది.

మన వాగులూ ఏళ్ల మీద అలాంటి వంతెనలు ఎక్కడా కనిపించవు. మన ఏళ్ల తీరు వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు ఐతవరం దగ్గర హైవేనే ముంచింది, పాలేరు గరికపాడు వంతెనను కోసింది. ఇక్కడ ఏటి మీద ఏది కట్టినా ముందు వరదకు తట్టుకోవాలి. ఎండా వానా పిడుగూ తట్టుకుని వందల ఏళ్లు నిలిచినవి మనకు గుట్టల మీద ఉన్నాయి. వాటికి కావలసింది చూసే మనుషులు.

ధనబోడు ఒక్కటే కాదు. చిల్లకల్లు దగ్గర హైవే దిగితే వేదాద్రి. నరసింహస్వామి కొండా, కాళ్ల దగ్గర కృష్ణా. దర్శనం అయ్యాక బస్సు కోసం పరుగెత్తకుండా ఓ గంట ఆ మెట్ల మీద కూర్చోవచ్చు. ముక్త్యాల కోట ఉంది. చందర్లపాడు వైపు వెళితే గుడిమెట్ల, చాగి రాజుల రాజధాని. తొలకరి పడగానే అక్కడ వజ్రాల కోసం తలలు వంచుకుని నేలను గాలించే జనం కనిపిస్తారు. కూలి పనులు మానుకుని, అన్నం మూట కట్టుకుని వచ్చే వాళ్లను ఏమీ అనలేం. కానీ ఊరూరా పాత గుళ్లలో గుప్తనిధుల కోసం విగ్రహాల పీఠాలు పెకలించేవాళ్లు వేరే. వాళ్లకు రాత్రి కావాలి, మనిషి అలికిడి లేని చోటు కావాలి. పగలు పదిమంది పిల్లలు ఎక్కి దిగే గుట్ట మీద ఆ పని అంత సులువు కాదు.

నడిచే దారి చేస్తే జనం వస్తారనడానికి మనకు దగ్గర్లోనే మూలపాడు ఉంది. కొండపల్లి అడవిలో సీతాకోకచిలుకల పార్కు పెట్టి, కొండల్లోకి కాలిబాటలు చూపించాక బెజవాడ జనం ఆదివారం పొద్దున్నే బూట్లు వేసుకుని వస్తున్నారు. కొండపల్లి బొమ్మలకు చెక్కనిచ్చే తెల్ల పొణికి చెట్టు ఎలా ఉంటుందో కొందరు పిల్లలు మొదటిసారి చూసింది ఆ కొండల్లోనే అయి ఉంటుంది.

మెట్టలో అంత అడవి లేదు. అయినా కార్తికంలో గుట్టల అంచున తంగేడు పసుపుపచ్చగా పూస్తుంది. సీతాఫలం చెట్లకు ఆఖరి కాయలుంటాయి. పల్లేరు ముళ్లు చెప్పులకు గుచ్చుకుంటాయి, కోతులు సంచీ లాక్కుంటాయి, రాళ్ల సందులో చెయ్యి పెట్టకూడదు. పొద్దున ఎనిమిదిలోపే ఎక్కి దిగాలి. ఇవన్నీ చెప్పే మనిషి వెంట ఉంటే పిల్లలు ఒక్క పూటలో నేర్చుకునేది చాలా ఉంది.

ఇలాంటి చోట్లను ‘అభివృద్ధి’ చేస్తామంటే కొంచెం భయం వేస్తుంది. సిమెంటు జంతువులు, రంగు లైట్లు, సెల్ఫీ కోసం గుండె ఆకారపు చట్రం వచ్చి కూర్చుంటాయి. గుట్టకు అవేవీ అక్కర్లేదు. కింద తాగే నీళ్లు కావాలి. ఆడవాళ్లు ఇబ్బంది పడకుండా, రోజూ కడిగే మరుగుదొడ్డి కావాలి. మన ఇళ్లలో సగంమంది ఇలాంటి చోట్లకు రాకపోవడానికి అదొక్కటే కారణం. దారి పక్కన నాలుగు వేప మొక్కలు, వాటికి మూడు ఎండాకాలాలు నీళ్లు పోసే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి. బడి పిల్లల్లోనే ఇద్దరికి ఈ కథ నేర్పితే ఊరు దాటి వచ్చినవాళ్లకు వాళ్లే చెబుతారు. ఉపాధ్యాయులు ఈ కార్తికంలో వనభోజనం ఒక్కటి ధనబోడు కిందికి మార్చి చూడాలి. ఇస్తరాకులు తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కంచాలు వద్దు.

స్తూపం దగ్గర బోర్డు ఏది పెట్టినా రాజు పేరు, తవ్విన దొర పేరు ఎలాగూ వేస్తారు. వాటితో పాటు తెలుగులో, పిల్లలు కూడబలుక్కుని చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఆ శిల్పి కుటుంబం పేర్లు కూడా రాయించాలి: నాగిలని, సిద్ధార్థుడు, సముదని, మూలసిరి, నాగబుధనిక. తల్లి పేరే ముందు ఉండాలి, ఆయన కోరుకున్నట్టు.