ఆ టిక్ టిక్ ఎక్కడిది?

బండి బాగానే నడుస్తుంటుంది. మైలేజీ తగ్గదు, పొగ రాదు. కానీ ఇంజన్‌లో ఎక్కడినుంచో టిక్ టిక్ మని ఒక చప్పుడు. అప్పుడు చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. పాటల శబ్దం పెంచి అది వినబడకుండా చేసుకుంటారు. లేదా కంగారుపడి, ఎవరు ఏ పార్టు మార్చమంటే అది మార్పిస్తారు. రెండింటివల్లా మేలు లేదు. ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో తెలుసుకోకుండా చేసే మరమ్మతు చీకట్లో రాయి విసరడమే కదా!

మొదట మనం చూడవలసింది ఆయిల్. బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజన్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. తగ్గిపోతే ఇంజన్ పైభాగంలోని వాల్వులకు ఆయిల్ సరిగా అందక, ఇనుము మీద ఇనుము కొట్టుకుంటుంది. దారిలో ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఇంటికి వెళ్లాక చూద్దామనుకుంటే ఇంజనే పోవచ్చు.

ఆయిల్ సరిగానే ఉంటే, చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించాలి. బండి కదిలినప్పుడే వస్తుంటే టైరు గాడిలో ఇరుక్కున్న గులకరాయి కావచ్చు. నిలబెట్టి, న్యూట్రల్‌లో ఎక్సలరేటర్ నొక్కినప్పుడు చప్పుడు జోరందుకుంటే అది ఇంజన్‌దే. క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక వాల్వు చేసే టిక్ 400 సార్లే వినిపిస్తుంది. మారుతి 800 లాంటి పాత బండ్లలో దీన్ని ట్యాపెట్ సెట్టింగ్‌తో సరిచేసేవారు. హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్లలో ఆ సందును ఆయిలే సర్దుతుంది. ఇక ఇంజెక్టర్లు సన్నగా టిక్కుమనడం వాటి సహజ గుణం. దానికి మరమ్మతే అక్కర్లేదు.

ఒక్క చప్పుడు విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వచ్చి, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు ఉండవచ్చు. వేడికి ఇనుము వ్యాకోచించి ఆ సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. తగ్గిపోయిందని మనం సంతోషిస్తాం. కానీ ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది బండి లోపలికి చేరితే ప్రాణానికే ముప్పు. ఆదివారం ఆరాధనకు పిల్లాపాపలతో వెళ్లేది ఆ బండిలోనే కదా!

మూలం వెదకడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. అనుభవమున్న మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌పై ఒక్కోచోట ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. తిరిగే ఫ్యానుకు, బెల్టుకు దూరంగా చేయవలసిన పని ఇది. 1816లో పారిస్ వైద్యుడు లెన్నెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీపై ఆనించి విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. ఇద్దరి పద్ధతీ ఒకటే: ముందు వినడం, తర్వాతే వైద్యం.

అయితే అలా వినడానికి సమయం పడుతుంది. అరగంట విని, బోల్టు ఒకటి బిగించి, బండి బాగైందని చెప్పిన మెకానిక్‌కు డబ్బివ్వడానికి మన సమాజంలో చాలామందికి మనసొప్పదు. ‘ఏం మార్చావని ఇంత?’ అంటారు. అదే నాలుగు కొత్త పార్టులు బిగించి పెద్ద బిల్లు చేతికిస్తే మారుమాట లేకుండా కడతారు. ఇక అతను మాత్రం వినడమెందుకు నేర్చుకుంటాడు? మా మాట ఒక్కటే. పార్టు మార్చేముందు కారణం చూపించమని అడుగుదాం. కారణం ఓపికగా వెదికి పట్టిన వానికి, ఏ పార్టూ మార్చకపోయినా, అతని కూలి సంతోషంగా చెల్లిద్దాం.