బండిని బందీ చేసి బిల్లు వసూలా?

కోఠిలోనో ఆబిడ్స్‌లోనో పని చూసుకుని తిరిగొచ్చేసరికి పెట్టిన జాగాలో కారు ఉండదు. దొంగ ఎత్తుకుపోయాడా, పోలీసు ఎత్తుకుపోయాడా అన్నది వెంటనే తేలదు. పక్కన చాయ్ బండి ఆయనను అడిగితే ‘క్రేన్ వచ్చింది సార్, ఇప్పుడే పోయింది’ అంటాడు. ఎక్కడికి పోయిందో ఆయనకూ తెలియదు. ఆటో ఎక్కి ట్రాఫిక్ ఠాణాకు పోతే అక్కడ లెక్క సిద్ధంగా ఉంటుంది. చలానా ఇంత, క్రేన్ పైసలు ఇంత. కట్టు, బండి తీసుకుపో. ‘నేను పెట్టిన కాడ బోర్డు లేదు సార్’ అంటే ‘అయితే కోర్టుకు పో’ అంటారు. సరే, పోతాడు. కోర్టులో తేలేదాకా కారు ఎవరి దగ్గర ఉంటుంది? అసలు మతలబు ఇక్కడే ఉంది.

క్రేన్లే వద్దని ఎవరూ అనడం లేదు. ఉస్మానియా దవాఖాన ముందర అంబులెన్సుకు అడ్డంగా కారు పెట్టి పోయినోడి మీద జాలి అక్కర్లేదు. గుంజుకుపోవాల్సిందే. పంచాయితీ గుంజుకుపోయిన తర్వాత జరిగే వసూలు గురించి.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలు లేదా అంతకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని, చట్టప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన బండిని అక్కడి నుంచి తీసుకుపొమ్మని ఆదేశించవచ్చు. ఆ ఆదేశం ఇవ్వాల్సింది ఎవరు? ఆ ప్రాంతం మీద అధికారం ఉండి, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. క్రేన్ మీద వేలాడుతూ వచ్చే కాంట్రాక్టరు పోరడు కాదు. ఇక నిషేధం అంటే ఏమిటి? ఫుట్‌పాత్ మీద, జీబ్రా గీతల దగ్గర, బస్‌స్టాప్ దగ్గర బండి పెట్టరాదని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. వాటికి వేరే బోర్డు వెతుక్కోనవసరం లేదు. మిగతా రోడ్ల సంగతి వేరు. సూచికలు పాతడానికి 116వ సెక్షన్, పార్కింగ్ జాగాలు నిర్ణయించడానికి 117వ సెక్షన్ సర్కారుకు అధికారం ఇచ్చాయి. జాగా చూపించకుండా, బోర్డు పాతకుండా, చెట్టు కొమ్మల చాటున తుప్పు పట్టిన రేకును చూపించి ‘నిషేధం’ అంటే ఒప్పుకోవాలా?

ఇప్పుడు బిల్లులోకి వద్దాం. ఠాణాలో ఒక్కటిగా చెప్పే ఆ మొత్తంలో నిజానికి రెండు వేర్వేరు పద్దులు ఉంటాయి. ఒకటి తప్పు పార్కింగ్‌కు జరిమానా. రెండోది బండిని మోసుకొచ్చిన ఖర్చు. 127వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ఈ మోత ఖర్చు యజమానే భరించాలంటోంది, నిజమే. కానీ అది ‘ఖర్చు’ అన్నది, శిక్ష అనలేదు. శిక్షకు వేరే సెక్షన్ ఉంది. ఫీజు అంటే చేసిన సేవకు తీసుకునే ప్రతిఫలమనీ, ఖజానా నింపుకోవడానికి వేసేది పన్ను అవుతుందనీ సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే తేడా చెప్పింది. చట్టం అధికారం లేకుండా పన్ను వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతోంది. ఒక లారీ ఒకే ట్రిప్పులో నాలుగు బైకులు వేసుకుపోతే నలుగురి దగ్గరా పూర్తి ట్రిప్పు కిరాయి తీసుకుంటే అది ఖర్చా, వ్యాపారమా? అర కిలోమీటరుకూ ఆరు కిలోమీటర్లకూ ఒకటే రేటా? ఆ రేటు ఏ జీవోలో ఉంది? గోడ మీద రాసి పెట్టడానికి ఏమిటి కష్టం?

మన ఈ-చలానాల మీద జరిమానా కింద ‘యూజర్ ఛార్జీలు 35 రూపాయలు’ అని ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చింది. నాకు జరిమానా వేసిన మిషను కిరాయి కూడా నేనే ఇచ్చుకోవాలన్న మాట. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

జరిమానా కథ ఇంకా లోతైనది. పార్కింగ్ చలానా కట్టడమంటే నేరం రుజువైనట్టు కాదు. 200వ సెక్షన్ కింద అది రాజీ రుసుము. ‘కోర్టు దాకా ఎందుకు, ఇక్కడే కట్టేస్తాను’ అని బండి యజమాని ఒప్పుకుంటే తీసుకునే సొమ్ము. ఒప్పుకోకపోతే మేజిస్ట్రేటు ముందుకు పోయే హక్కు ఉంది. మరి కారు వాళ్ల ఆవరణలో, తాళం మన చేతిలో, బేరం వాళ్ల టేబుల్ మీద ఉన్నప్పుడు ఆ ఒప్పుకోలు రాజీ ఎట్లా అవుతుంది? క్యాబ్ నడుపుకునే మనిషిని తీసుకోండి. ఒక్కపూట బండి ఆగితే ఆ పూట కిరాయిలు పోతాయి, నెల తిరిగేసరికి ఈఎంఐ మాత్రం ఆగదు. న్యాయం తన వైపు ఉన్నా అతను కట్టేస్తాడు. ఆఫీసుకు సెలవు పెట్టి కోర్టు మెట్లెక్కలేని గుమాస్తా కట్టేస్తాడు. పరీక్ష ఉన్న విద్యార్థి దోస్తుల దగ్గర అప్పు తెచ్చి కట్టేస్తాడు. ఎవరూ వాదించలేదు కాబట్టి అందరూ తప్పు ఒప్పుకున్నట్టే లెక్క!

విచిత్రం చూడండి. నేరాల్లో పట్టుబడిన వాహనాలనే ఠాణాల్లో ఏళ్లకేళ్లు తుప్పు పట్టించవద్దని, తగిన పూచీకత్తు తీసుకుని వదలాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో చెప్పింది. తాగి నడిపిన కేసుల్లో సైతం ఆ ఒక్క కారణంతో బండిని పట్టి ఉంచే అధికారం పోలీసులకు లేదని, లైసెన్సు ఉండి తాగని మనిషి వస్తే ఇచ్చేయాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో చెప్పింది. బండ్లను పట్టి ఉంచే అధికారం ఇచ్చే 207వ సెక్షన్ లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ వంటి వాటి గురించే మాట్లాడుతుంది. అందులో పార్కింగ్ ఊసు లేదు. రోడ్డు మీది అడ్డం తీసేసిన తర్వాత 127వ సెక్షన్ పని అయిపోయింది. యజమాని ఆర్సీ, లైసెన్సు చూపించి, ‘ఈ చలానాను నేను ఒప్పుకోవడం లేదు, కోర్టులో తేల్చుకుంటాను’ అని రాసిస్తే బండి ఇచ్చేయడానికి అడ్డేమిటి? నంబరు వాళ్ల దగ్గర ఉంది, చిరునామా ఉంది, ఫొటో ఉంది. కారు ఎక్కడికి పారిపోతుంది?

మరో సంగతి. 2023 డిసెంబర్ చివర్లో మన రాష్ట్రంలో పాత చలానాల మీద బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం రాయితీ ఇచ్చారు. 2022లోనూ ఇట్లాంటి మేళా నడిచింది. ఏళ్లకేళ్లు కట్టకుండా కూర్చున్నోడికి తగ్గింపు దొరికింది. క్రేన్ ఎత్తుకుపోవడంతో అదే రోజు పూర్తిగా కట్టినోడికి పైసా తిరిగి రాలేదు.

క్రేన్ల జులుం ఎంతదాకా పోతుందో బయటి ఊర్లు చూపించాయి. 2017 నవంబర్‌లో ముంబై మలాడ్‌లో బిడ్డకు పాలిస్తున్న తల్లి లోపల ఉండగానే కారును గుంజుకుపోయారు. వీడియో బయటకు వచ్చాక కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. మనవాళ్లు లక్షల్లో ఉన్న బెంగళూరులో ప్రైవేటు క్రేన్ల మీద జనం తిరగబడితే 2022 ఫిబ్రవరిలో అక్కడి సర్కారు టోయింగ్‌నే ఆపాల్సి వచ్చింది. ఎన్ని బండ్లు ఎత్తితే కాంట్రాక్టరుకు అంత లాభం అన్న లెక్క ఉన్నచోట అంబులెన్సుకు అడ్డమున్న బండి కన్నా తేలికగా లేచే బండే ముందు లేస్తుంది.

జాగా సంగతీ అడగాలి కదా. దుకాణాల సముదాయం కట్టేటప్పుడు సెల్లార్ పార్కింగ్ కోసమని ప్లాను చూపిస్తారు. తర్వాత అందులో గోదాములు, షాపులు వెలుస్తాయి. మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఉచితమని 2018 మార్చిలో జీవో 63 వచ్చింది. అది ఎందరు వాచ్‌మెన్లకు తెలుసో మీకే ఎరుక. సెల్లార్ మింగిన బిల్డరు ఇంట్లో హాయిగా ఉంటాడు. రోడ్డు మీద పెట్టుకున్న కొనుగోలుదారుడి కారు క్రేన్ ఎక్కుతుంది.

కాబట్టి క్రేన్ బాధితులారా, తొందరపడి సంతకం పెట్టకండి. బండి నిలిపిన జాగాను, చుట్టుపక్కల బోర్డు ఉందో లేదో తెలిసేలా ఫోనులో ఫొటోలు తీయండి. ఠాణా ఆవరణ దాటకముందే బంపరు, అద్దాలు, టైర్లు చూసుకోండి, గీత పడితే అక్కడే ఫొటో తీసి రాసివ్వండి. పట్టుకున్న వాహనాన్ని భద్రంగా చూడాల్సిన బాధ్యత సర్కారుదేనని సుప్రీంకోర్టు 1967లో గుజరాత్ కేసులో తేల్చింది. జరిమానాకు ఒక రసీదు, క్రేన్ ఖర్చుకు ఒక రసీదు అడగండి. కట్టక తప్పకపోతే ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి తారీఖు వేయండి.

తర్వాత 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఈ నాలుగు అడగండి: క్రేన్ రేటు నిర్ణయించిన ఉత్తర్వు ప్రతి, కాంట్రాక్టరుతో ఒప్పందం ప్రతి, మీ బండి ఎత్తమని ఆదేశించిన అధికారి హోదా, ఆ రోడ్డును నిషేధిత ప్రాంతంగా ప్రకటించిన నోటిఫికేషన్. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చినవాళ్లు ఒక కాపీ మా కార్యాలయానికి పంపండి, ఏ ఠాణాలో ఏ రేటో ఇదే పేజీలో అచ్చు వేస్తాం.